మాట లేనిచోటల్లా కోసేశాడు

ఆ సీడీ సంగతి ఎత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లయింది కదా, పోనిద్దూ అంటారు మా ఇంట్లోవాళ్లు. ఎందుకు పోనివ్వాలి? కాశీబుగ్గ బజారులో ఆ సీడీల కొట్టువాడు అట్టముక్క మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి గుమ్మానికి వేలాడదీశాడు, "పాత డిటెక్టివ్ సీరియల్ మొత్తం ఒకే సీడీలో" అని. చూసినవాళ్లంతా నోరెళ్లబెట్టారు. అంత సీరియల్ ఒక్క సీడీలోనా, ఏం బుర్రరా బాబూ అన్నారు. ఎంత పట్టిందని మురిసినవాళ్లే గానీ, పట్టించాక అందులో ఏం మిగిలిందని అడిగినవాళ్లు లేరు. అడిగింది మా అప్ప ఒక్కతే.

మా వైపు అక్కని అప్ప అంటాం. మాది సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డు ఊరు, చేపల వేట మీద బతికే ఇల్లు. అప్పకి చిన్నతనంలో పెద్ద జ్వరం వచ్చి వినికిడి పోయింది. నాలుగు మాటలు నేర్చే వయసులోనే పోవడంతో ఆ నాలుగు మాటలూ పోయాయి. టెక్కలిలో చూపించారు, పలాసలో చూపించారు, ఇక లాభం లేదనుకుని అమ్మా నాన్నా ఊరుకున్నారు. అప్ప ఊరుకునే రకం కాదు. చేతులతో, కనుబొమలతో, మూతి విరుపులతో తనకి కావలసిన భాష తనే తయారు చేసుకుంది. ఇంట్లో అందరికీ నేర్పింది. నేర్చుకోలేనివాళ్లని మొద్దులని వెక్కిరించింది. ఆమె చేతులు ఏం చెప్పినా నాకు మా ఊరి మాటలోనే చెప్పినట్టుండేది. ఇక్కడా అలాగే రాస్తాను, వేరేగా రాస్తే అది అప్ప మాట కాదు.

తొంభైల చివరలో మా వీధి మొత్తానికి ఒకటే టీవీ. అది మా మేనమామ ఇంట్లో ఉండేది. మా తీరం మగవాళ్లు చాలామందిలాగే మావ కూడా ఏడాదిలో ఎక్కువ భాగం గుజరాత్ పోయి, వేరావల్‌లో బోట్ల మీద పని చేసి, వేసవికి ఇల్లు చేరేవాడు. వేట నిషేధం రోజుల్లో చేసే పనేం ఉంటుంది. వల బాగు చేసుకోవడం, టీవీ చూడటం. ఆదివారం మధ్యాహ్నం ఆ డిటెక్టివ్ సీరియల్ వచ్చేది. అప్పటికే అది పాతది, జనం అడుగుతున్నారని మళ్లీ వేసేవారు. నెరిసిన మీసాల డిటెక్టివ్ ఒకాయన, ఎవరో ఒకరి చావు, ఆ ఇంట్లో ఎవరు చంపారన్నది ఆయన కనిపెట్టడం. వీధిలో సగంమంది మావ ఇంటి వాకిట్లో చేరేవాళ్లు.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే అది హిందీ. మాలో ఎవరికీ హిందీ ముక్క రాదు. మావకి వచ్చంటే వచ్చు. బోటు మీద తాడు లాగమనడం, డీజిల్ అడగటం, తిట్టడం, తిట్టించుకోవడం, అంతవరకు వచ్చు. ఆ హిందీతోనే ఆయన మాకు సీరియల్ చెప్పేవాడు. టీవీలో ఒకడు చేతులు తిప్పుతూ ఏదో గోల పెడితే, "ఏటంటన్నాడు మావా" అని మేం అడిగేవాళ్లం.

"నాను సంపలేదు అంటన్నాడు," అనేవాడు మావ.

"మరైతే ఎవుడు సంపినట్టు?"

"ఈడు కాదు. కాదని ఆడే సెప్తన్నాడు కదేటి."

మా మావకి అలా ఎవడేం చెప్పినా నమ్మకమే. అప్ప పద్ధతి వేరు. టీవీకి అంత దగ్గరగా ఎవరూ కూర్చునేవారు కాదు. ముందుకు వంగి మొహాలే చూసేది, చేతులే చూసేది. సగం కాకుండానే తెర మీద వేలు పెట్టి ఫలానా మనిషి అని పొడిచి చూపించేది. ఆ తర్వాత మా వైపు తిరిగి, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరికి ఎవరి మీద కడుపుమంట, ఎవరు ఎవర్ని దొంగచూపులు చూస్తున్నారు, అంతా చేతులతో ఆడి చూపించేది. వాకిట్లో జనం టీవీ వదిలేసి అప్పని చూసేవాళ్లు. మావకి అక్కడే మండుకొచ్చేది. హిందీ వచ్చినవాణ్ణి నేనుండగా ఈవిడ చెప్పడమేమిటని.

అప్పకి అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఒకటుంది. చివర్లో డిటెక్టివ్ అందర్నీ కూర్చోబెట్టి, తిప్పి తిప్పి మాట్లాడి, ఆఖరికి ఒకరి పేరు చెప్తాడు. పేరు చెప్పాక కాసేపు ఎవరూ మాట్లాడరు. కెమెరా ఆ మనిషి మొహం మీదికి పోతుంది. అప్ప ఊపిరి బిగబట్టి చూసేది దాన్నే.

"అప్పటిదాకా మొకానికి కాపలా కాత్తారు. పేరు సెప్పగానే కాపలా జారిపోతాది. అదొక్కటీ నిజం, మిగతాదంతా వాగుడు," అనేది చేతులతో.

ఒక వేసవిలో రెండు వారాల కథ ఒకటి వేశారు. పెద్ద ఇల్లు, పాలల్లో విషం, ఇంటి పెద్దాయన చచ్చిపోయాడు. నౌకరు ఒకడు అంతకుముందే ఆయనతో తగువు పడ్డాడు. పెద్దకోడలు శవం పక్కన కూర్చుని కుళ్లి కుళ్లి ఏడ్చింది. మొదటి వారం అయిపోగానే మావ నౌకరే అన్నాడు. అప్ప కోడలంది.

"ఏడుత్తంది, గానీ సేతులు ఏడవడం నేదు. సీర కుచ్చిళ్లు సక్కగా సర్దుకుంటంది," అని చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఏడ్చి చూపించింది. అందరం నవ్వాం.

"నౌకరు సంపేత్తానన్నాడే పిల్లా. నా సెవులారా విన్నాను," అన్నాడు మావ. ఆ మాట ఆయన పెదవుల మీద చదివి అప్ప మొహం మాడ్చుకుంది. పందెం వేసుకున్నారు. ఓడినవాళ్లు మావ వేరావల్ పోయేదాకా రెండిళ్లకీ చేపలు తోమాలి.

రెండో వారం రానేలేదు. ముందురోజు గాలివానకి కొబ్బరిచెట్లు వైర్ల మీద పడి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఆదివారం పొద్దున్నే అప్ప నాన్నని సైకిల్ మీద పక్క ఊరికి తీసుకుపొమ్మని ప్రాణం తీసింది. అక్కడా కరెంటు లేదు. ఇంకో ఊరు వెళ్లారు, అక్కడా లేదు. మధ్యాహ్నం దాటాక చెప్పుల నిండా బురదతో తిరిగొచ్చి అన్నం తినకుండా పడుకుంది. మా లైన్లు బాగుపడేసరికి ఆ సీరియల్ తీసేసి ఆ టైములో ఇంకేదో వేస్తున్నారు.

నాలుగు రోజులు పోయాక మావ సంతబొమ్మాళి సంతకి వెళ్లి వచ్చి, "నౌకరే. సూసినోళ్లు సెప్పినారు," అన్నాడు.

"ఎవుడు సూసినాడు? ఆణ్ని తీసుకురా," అంది అప్ప. మావ ఎవర్నీ తీసుకురాలేదు. ఎవడూ ఉండి ఉండడు, మావ సంగతి నాకు తెలుసు. కానీ ఆ మాట ఊళ్లో నిలబడిపోయింది. నాకు ముందు కోపం వచ్చింది అక్కడే. అంతకుముందు అప్ప సరిగ్గా చెప్పినవన్నీ గుడ్డిదెబ్బలైపోయాయి. చేపలు తూచే కాటా దగ్గర ఫలానావాడు వేలితో నొక్కుతున్నాడు చూడండని అప్ప చూపిస్తే, "నీ సీరియల్లాగేటి" అనేవారు. వీధిలో ఒకావిడ అబద్ధమాడుతోందని చెప్తే, "సెవిటిది కదా, ఏదో ఊయించుకుంటాది" అనేవారు. చూడటం తప్ప ఇంకో దారి లేని మనిషి, ఆమె చూపు మీదే నమ్మకం లేదనేశారు. మావ ఏటా వేరావల్ నుంచి దిగగానే గుమ్మంలోనే నౌకరులా పాలగ్లాసు పట్టుకుని నడిచి చూపించి అప్పని ఏడిపించేవాడు. ఆయనకది సరసం. అప్పకి కాదు. ఆ రెండో భాగం ఎక్కడైనా ఒక్కసారి చూడాలి, పేరు చెప్పినప్పుడు ఆ కోడలి మొహం తన కళ్లతో చూడాలి. నన్ను పట్టుకుని అదే మాట.

తర్వాత అప్పకి టెక్కలి సంబంధం కుదిరింది. బావకి అక్కడ సైకిళ్లూ మోటారు సైకిళ్లూ బాగుచేసే షాపు ఉంది. మంచివాడు, అప్ప చేతుల మాట మాకన్నా తొందరగా నేర్చుకున్నాడు. నేను హిందీ పరీక్షలు కట్టి పలాసలో ఒక ప్రైవేటు బడిలో హిందీ టీచరుగా చేరాను. హిందీయే ఎందుకు చదివావని ఎవరైనా అడిగితే ఉద్యోగం కోసమని చెప్తాను. మావ వాకిట్లో ఆ సీరియల్ చూసిన ఆదివారాలు లేకపోతే నాకా భాష మీదికి మనసు పోయేది కాదని మాత్రం నాకు తెలుసు.

ఈలోగా సీడీల కాలం వచ్చింది. బావ ఒక ప్లేయరు కొన్నాడు, ఏ రకం సీడీ పెట్టినా ఆడేది. అలాంటి రోజుల్లో బడి నుంచి వస్తూ ఆ అట్టముక్క చూశాను. గబగబా కొట్లోకెళ్లాను. కొట్టువాడు నాకు ముఖపరిచయమే, మా బడిలో వాళ్ల అన్నకూతురు చదివేది. వాళ్ల నాన్నకి జీడి ఫ్యాక్టరీ ఉంది. వీడికి పిక్కల దుమ్ము పడదని కంప్యూటర్లు నేర్చుకుని ఈ షాపు పెట్టాడు.

"మొత్తం ఉందా? ఒక్క భాగం కూడా పోకుండా?" అని అడిగాను.

"మొత్తం ఉన్నాది టీచరమ్మా. రైల్వే కాలనీలో గార్డుగారు ఉండీవోరు కదా, టీవీలో వచ్చినవి వచ్చినట్టు వీడియో క్యాసెట్లలో పట్టుకున్నారు. ట్రాన్స్‌ఫరైపోతా ట్రంకుపెట్టితో నాకే ఇచ్చీసినారు. మొదట మామూలు సీడీల్లోకి ఎక్కిత్తే గోనెసంచీడు అయినాయి. ఎవుడు మోత్తాడు? కూకుని కూకుని మొత్తం ఒక్కదాన్లోకి నొక్కీసినాను."

నొక్కేశాను అంటూ వాడు రెండు అరచేతులూ కలిపి చూపించాడు. ఆ ఆనందంలో నాకది మంచిమాటగానే వినిపించింది. సీడీ సంచిలో పెట్టుకుని ఆ శనివారమే టెక్కలి బస్సెక్కాను.

అప్ప తల దువ్వుకుని, మొహం కడుక్కుని, పెళ్లికి వెళ్తున్నట్టు తయారై కూర్చుంది. మావ అప్పుడు వేరావల్‌లో ఉన్నాడు. బావ షాపులో ఉన్నాడు. మేమిద్దరమే. తిన్నగా ఆ పాలల్లో విషం కథే పెట్టాను. మొదటి భాగం నుంచీ చూద్దామంది అప్ప.

బొమ్మ వచ్చింది. బొమ్మ అనడానికి నాకు నోరు రావడం లేదు. మనుషుల మెడల మీద చదరపు పెంకుల్లాంటివి కదులుతున్నాయి. అప్ప లేచి చీరచెంగుతో టీవీ అద్దం తుడిచింది. వెనక్కి వచ్చి కూర్చుని చూసింది. సీడీ బయటికి తీయించి తుడిచింది. మళ్లీ పెట్టాక, కళ్లు తుడుచుకుని చూసింది. ఏడుపు కాదు, కళ్లలో ఏదో అడ్డం పడిందనుకుంది పాపం.

గోడ మీద క్యాలెండరు చక్కగా కనబడుతోంది. కుర్చీ చెక్కడాలు కనబడుతున్నాయి. కదలనివన్నీ శుభ్రంగా ఉన్నాయి. కదిలేది మనిషి మొహం, అదే లేదు. కోడలు ఏడ్చింది. ఏడుపు వినబడింది నాకు, చీర కుచ్చిళ్లు సర్దే చేతులున్న చోట మాత్రం గోధుమరంగు ముద్ద ఒకటి అటూ ఇటూ అయింది. చీకటిగా ఉన్న చోట్లయితే మొత్తం నలుపు. అది చాలదన్నట్టు కథ గంతులేస్తోంది. డిటెక్టివ్ తలుపు మీద చెయ్యి వేస్తాడు, వేసీ వెయ్యగానే ఇంకెక్కడో కూర్చుని మాట్లాడుతుంటాడు.

"మద్దిన ఏటైపోనాది?" అని అడిగింది అప్ప. నాకేం తెలుసు. తలుపు తీసి లోపలికెళ్లి వంటింట్లో వెతికినట్టున్నాడు, అదెక్కడా లేదు.

శబ్దం మాత్రం నీళ్లలా ఉంది. ప్రతి దగ్గూ, ప్రతి చెంచా చప్పుడూ స్పష్టం. నాకు ప్రతి మాటా అర్థమవుతోంది. ఇన్నేళ్లు హిందీ రాని జనానికంతటికీ కథ చెప్పిన మనిషి, ఊరు తెలియని చోట బస్సు దిగినదానిలా నా పక్కన కూర్చుని ఉంది. నాకు దుఃఖం రాలేదు. కోపం వచ్చింది. ఆ ప్లేయరు తీసి వీధిలోకి గిరాటు వేద్దామన్నంత కోపం.

రెండో భాగం చివర డిటెక్టివ్ అందర్నీ కూర్చోబెట్టాడు. అప్ప నా భుజం పట్టుకుని కుదిపింది.

"నీకు తెలిసిపోతాది. నాకు సెప్పకు. నీ మొకం అటు తిప్పుకో. నీ మొకంలో సూసి తెలుసుకోడానికా నానిన్నేళ్లు కాసుకున్నాను?"

నేను గోడ వైపు తిరిగాను. ఓరకంట చూస్తే అప్ప రెండు కళ్లూ గట్టిగా మూసుకుని ఉంది. చెవులు వినపడని మనిషి కళ్లు కూడా మూసుకుంటే ఇంకేం ఉంటుంది ఆమెకి? నేను గోడ వైపు చూస్తూ ఆఖరు దాకా విన్నాను. డిటెక్టివ్ పేరు చెప్పాడు. చెప్పీ చెప్పగానే ముగింపు సంగీతం వచ్చేసింది. అప్పని తట్టాను. కళ్లు తెరిచి టీవీ కట్టేసింది.

"ఇది టీవీ కాదు, రేడియో," అంది. రేడియో అనడానికి ఆమె చెయ్యి ఒక పెట్టెకి చెవి ఆనించినట్టు పెడుతుంది. "ఆడి దగ్గిర అసలుది ఉంటాది. అది తే."

సోమవారం బడి విడిచిపెట్టగానే కొట్టుకి వెళ్లాను. బేరాలున్నాయి, ఉండనీ అనుకున్నాను. సీడీ బల్ల మీద పెట్టి, "ఇదేం సీడీ అండీ? మొహాలేవి ఇందులో?" అన్నాను.

వాడు నొచ్చుకోలేదు. "కంప్లైంట్ ఎవులూ సెప్పలేదే టీచరమ్మా. ఉండండి," అని తన కంప్యూటర్లో పెట్టి స్పీకర్లు పెంచాడు. "ఒక్కసారి కళ్లు మూసుకుని వినండి. ఎంత కిలీరుగా ఉన్నాదో."

"కళ్లు మూసుకుని వినాలా? బొమ్మని?"

"బొమ్మ ఎవులు సూత్తారండీ? ఇవి పట్టుకెళ్లేదంతా మన జీడి షావుకార్లు. ఉత్తరాది పార్టీలతో యాపారం, ఆళ్లకి హిందీ బాగొచ్చు. కొట్లో టీవీ అలాగ ఆడతా ఉంటాది. ఆళ్ల కళ్లు పప్పు మీద ఉంటాయి, సెవులు దీని మీద ఉంటాయి. పప్పు సూడ్డం మానీసి టీవీ సూత్తే యాపారం అవుద్దా? అందుకనే సౌండుకి ఎక్కువ వొదిలీసి బొమ్మకి తగ్గించినాను. ఒక్క సీడీకి పట్టాలి కదా."

"మరి మధ్యలో ముక్కలు ముక్కలు పోయాయేం?"

ఇక్కడ వాడి మొహం వెలిగిపోయింది. ఎవరో ఒకరు అడగాలని కాచుకున్నాడనుకుంటాను. "అదే నా తెలివి. నొక్కినా కొంచెం మిగిలిపోనాది. అప్పుడు కూకుని మొత్తం సూసి, మాట నేని సోటల్లా కోసీసినాను. ఊరికే నడుత్తుంటారు, ఊరికే సూత్తుంటారు, అదంతా తొక్కండీ. తొక్క తీసి పప్పు ఉంచినాను."

నేను ఉగ్గబట్టుకుందామనే వెళ్లాను. ఆ మాట విన్నాక నావల్ల కాలేదు.

"తొక్కేమిటో పప్పేమిటో నీకు చెప్పిందెవరు?" అన్నాను, మర్యాద కూడా వదిలేసి. "హంతకుడు మాట్లాడుతూ దొరుకుతాడా ఎక్కడైనా? ఊరికే చూస్తుంటేనే కదా దొరికేది. పిక్క కొట్టి పప్పు పారేసి, తొక్క డబ్బాకెత్తి అమ్ముతున్నావు నువ్వు."

బేరానికి వచ్చినవాళ్లు ఇద్దరు నవ్వారు. వాడికి కోపం రాలేదు గానీ నన్ను చూసి జాలి పడ్డట్టు మొహం పెట్టాడు. చదువుకున్న టీచరమ్మకి కంప్యూటరు సంగతి తెలియదు కదా అని ఓపిగ్గా చెప్పాడు. కంప్యూటరు బొమ్మనంతా దాచదట. కదలనిదాన్ని ఒకసారి రాసుకుని ఊరుకుంటుందట. కదిలినదాంట్లో పెద్ద తేడా ఉంటేనే పట్టించుకుంటుందట. చిన్న చిన్న తేడాలు మనిషి కంటికి ఎలాగూ ఆనవు కాబట్టి పారేస్తుందట.

"ఎవరి కంటికి ఆనవు?" అన్నాను.

"ఎవులి కంటికైనా అంతే."

"మా అప్ప కంటికి ఆనుతాయి. పెదవి చివర వణికితే ఆనుతుంది. కనురెప్ప ఒక్కసారి ఎక్కువ పడితే ఆనుతుంది. ఆమె బతుకంతా ఆ చిన్న తేడాల మీదే నడుస్తోంది. వాటిని పారేయడానికి ఆ కంప్యూటరెవరు, నువ్వెవరు?"

వాడికి అది బొత్తిగా అర్థం కాలేదు. మీ అప్పగారు ఏం చేస్తుంటారని అడిగాడు. చెవులు వినపడవని చెప్పాను. వాడు కాస్త ఆలోచించి, మంచిగానే, చాలా మంచిగానే, "అయ్యో. మరైతే ఆవిడికి సీరియల్ ఎందుకండీ?" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ మాటకి నాకు చెప్పలేనంత అసహ్యం వేసింది. మా ఊరు ఇన్నేళ్లు అన్న మాటే అది, వాడు కొత్తగా అన్నదేమీ కాదు. గార్డుగారి క్యాసెట్లు అడిగాను. ట్రంకుపెట్టి మొత్తం అద్దెకైనా ఇమ్మన్నాను, టేపు ఆడే మిషను నేనే వెతుక్కుంటానన్నాను.

"క్యాసెట్లా? అవింకా ఎందుకండీ, ఎక్కించీసినాను కదా. కంప్యూటర్లో పెద్ద ఫైళ్లు కూడా సోటు సాలక తీసీసినాను. క్యాసెట్లు మా మేనమామకి ఇచ్చీసినాను. సంతబొమ్మాళి దారిలో ఆయన వరి పొలం. పిట్టలకని."

మా వైపు తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వరి పాలు పోసుకునే రోజుల్లో పిట్టలు దిగి గింజ పిండేస్తాయి. పొలం గట్ల మీద కర్రలు పాతి, పాటల క్యాసెట్లలోని టేపు లాగి కర్రకీ కర్రకీ బిగించి కడతారు. ఎండకి తళతళలాడుతుంది, గాలికి జుమ్మని మోగుతుంది, పిట్టలు బెదిరిపోతాయి. పాటల టేపుకన్నా వీడియో టేపు వెడల్పు. ఇంకా బాగా మోగుతుంది.

అప్పకి ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు టెక్కలి వెళ్లలేదు. వెళ్లాక చెప్పాను. నమ్మలేదు. ఎవరో చెప్పిన మాట ఎప్పుడు నమ్మింది గనుక. చూద్దాం పద అంది. టెక్కలిలో ఆటో ఎక్కి సంతబొమ్మాళి రోడ్డు మీద ఆ పొలం వెతుక్కుంటూ వెళ్లాం.

అడగక్కర్లేకుండానే కనబడింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా నల్లటి టేపు వరసలు. గాలికి పొలమంతా ఒకటే రొద. గార్డుగారు ఎన్ని ఆదివారాలు టీవీ ముందు కాపలా కూర్చుని పట్టుకున్నారో అదంతా అక్కడ పిట్టల్ని తోలుతోంది. ఖాళీ క్యాసెట్ డొక్కులు పంపుషెడ్డు పక్కన కుప్పగా పడున్నాయి. పొలం ఆసామి మమ్మల్ని చూసి గట్టు మీదికి వచ్చాడు.

"బాగా పని సేత్తందమ్మా. ఒక్క పిట్ట దిగడం నేదు," అన్నాడు సంతోషంగా. ఆయన్ని ఏమని తిట్టను? ఆయన తప్పేం ఉంది. ఎక్కించేసుకున్నాం, ఇక అక్కర్లేదని ఇచ్చినవాణ్ణి అనాలి.

అప్ప గట్టు దిగి ఒక వరస దగ్గరికి వెళ్లింది. వేలాడుతున్న టేపు కొస రెండు వేళ్లతో పట్టుకుని, సూర్యుడికి అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి అందులోకి చూసింది. సినిమా ఫిల్ములో చిన్న చిన్న బొమ్మలుంటాయి కదా, ఇందులోనూ ఉంటాయనుకుంది. అది ఉత్త నలుపు. ఇంకోచోట పట్టుకుని చూసింది. ఇంకో వరసకి వెళ్లి చూసింది. అక్కడక్కడ మెలికపడి ఎండకి పెళుసైపోయింది, పట్టుకోగానే తెగిపోతోంది. ఆసామి ఏమీ అర్థం కాక నా మొహం వైపు చూశాడు.

అప్ప తిరిగి గట్టెక్కింది. చేతులు చీరకి తుడుచుకుంది. నేనింక ఆగలేకపోయాను.

"అప్పా, నువ్వు చెప్పిందే నిజం. కోడలే చంపింది. డిటెక్టివ్ పేరు చెప్తుంటే నా చెవులతో విన్నాను. మావకి ఉత్తరం రాస్తాను, ఊళ్లో అందరికీ చెప్తాను," అన్నాను చేతులతోనూ నోటితోనూ.

అప్ప విసుగ్గా తల ఊపింది. "కోడలే అని నాకు ఆ శనోరమే తెలిసినాది. గోడకేసి తిరిగితే మాత్రం నీ మెడ దాసుకోగలవా? నాను కళ్లు తెరిసేసరికి అదే సెప్పీసినాది. అది కాదు నానడిగేది." దగ్గరికి వచ్చి నా చుబుకం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "పేరు సెప్పగానే ఆవిడ మొకం ఎలగ పెట్టినాది? సేతులేటి సేసినాది? అది సెప్పు."

ఆ పేరుకీ ముగింపు సంగీతానికీ మధ్య సీరియల్లో ఎవరూ మాట్లాడరు. మాట లేదు కాబట్టి అది సీడీలో లేదు. అప్ప నా చుబుకం వదలకుండా, నేను చెప్తానని నా మొహమే చూస్తూ నిలబడింది.